మా మనవడి బరువు 16 కిలోలు: విశాఖ జిల్లా అధికారులకు ఒక బహిరంగ లేఖ

విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి, జీవీఎంసీ కమిషనర్ గారికి, జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి గారికి,

నమస్కారం.

మా మనవడికి ఆరేళ్లు. బరువు 16 కిలోలు. వాణ్ణి కుక్క కరిచిన రోజు, ఆ బరువు ఎంతో రెండు చోట్ల ఎవరూ అడగలేదు. అందుకే ఈ ఉత్తరం.

పోయిన నెలలో ఒక మంగళవారం ఉదయం ఏడున్నరకు, కంచరపాలెంలో మా వీధి చివర స్కూలు ఆటో కోసం నిలబడి ఉండగా కుక్క వాడి మీద పడింది. పైపెదవి చీలింది. ఎడమ బుగ్గ మీద రెండు పంటి గాట్లు. నేను 32 ఏళ్లు మున్సిపల్ స్కూల్లో పిల్లలకు సైన్సు చెప్పాను. కుక్క కరిస్తే వెంటనే సబ్బుతో, పారే నీళ్ల కింద పావుగంట కడగాలని ఏటా బోర్డు మీద రాసేదాన్ని. మనవడి మొహం మీద ఆ పని చేయాల్సి వచ్చినప్పుడు పావుగంట ఎంత పొడుగో తెలిసింది. కుళాయి కింద వాడి తల వంచి పట్టుకున్నాను. బట్టల సబ్బు నురగ పెదవి చీలికలోకి దిగుతుంటే "అమ్మమ్మా మండుతోంది, వదిలెయ్ అమ్మమ్మా" అని నా చీర కుచ్చిళ్లు పట్టుకుని గుంజుతున్నాడు. గోడ గడియారం చూస్తూ కడుగుతూనే ఉన్నాను. పక్కింటావిడ గబగబా పసుపూ సున్నమూ తెచ్చింది. పాపం, ప్రేమకొద్దీ తెచ్చింది. వద్దమ్మా అన్నాను.

దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాం. అక్కడి సిస్టర్ మంచి మనిషి. "ఏం కాదు బంగారం" అంటూనే రెండు భుజాల మీదా చర్మంలోకి చెరో చుక్క వ్యాక్సిన్ ఇచ్చింది. టీటీ కూడా వేసింది. చీటీ మీద మళ్లీ రావాల్సిన తేదీలు రాసిచ్చింది: శుక్రవారం, వచ్చే మంగళవారం, ఆ తర్వాత 28వ రోజు. "అయిపోయిందండీ, తీసుకెళ్లండి" అంది. దండం పెట్టి ఇంటికి వచ్చేశాం. వాడికి కాస్త మజ్జిగ తాగించి పడుకోబెట్టాను.

పదకొండింటికి నా పాత విద్యార్థిని ఫోన్ చేసింది. వేరే జిల్లాలో స్టాఫ్ నర్సు. సంగతి ఎవరో చెప్పారట.

"టీచర్, గాయంలో మందు ఇచ్చారా?"

"రెండు చేతులకీ ఇచ్చారమ్మా."

"చేతులకి కాదు టీచర్. గాయంలోకి, గాయం చుట్టూ. బాబు బరువు చూశారా?"

చూడలేదు. బరువు చూడలేదంటే ఆ మందు ఇచ్చే ఆలోచనే అక్కడ లేదన్నమాట. ఎందుకంటే దాని మోతాదు కిలోల లెక్కన ఉంటుంది. 32 ఏళ్లు సైన్సు చెప్పిన నాకే ఆ రోజు దాకా ఈ ముక్క తెలియదు. నా దగ్గర చదువుకుని వెళ్లిన ఇన్ని వందల మందికి సబ్బు గురించి చెప్పాను, వ్యాక్సిన్ గురించి చెప్పాను, దీని గురించి చెప్పలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అయ్యా, తెలిసిన విషయమే అయినా మీ ముందు మళ్లీ చెబుతున్నాను. ఈ ఉత్తరం చదివే తల్లిదండ్రుల కోసం కూడా చెప్పాలి. రేబిస్ వైరస్ కరిచిన చోట కండలో కాస్త ఆగి, అక్కడి నరాన్ని పట్టుకుని మెదడు వైపు ప్రయాణిస్తుంది. మెదడుకు చేరి లక్షణాలు మొదలయ్యాయంటే ఇక బతికించే వైద్యం లేదు. వ్యాక్సిన్ మన ఒంటికి వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు తయారు చేసుకోవడం నేర్పుతుంది. కానీ అవి తగినంత పుట్టడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఈలోపు గాయంలో కూర్చున్న వైరస్‌ను ఆపేది ఎవరు? అందుకే రక్తం చిమ్మిన కాటుకు, అంటే డాక్టర్లు మూడో కేటగిరీ అనే కాటుకు, సిద్ధంగా ఉన్న యాంటీబాడీలను నేరుగా గాయంలోకే ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వ్యాక్సిన్‌తో పాటు ఆ రోజే ఇవ్వాలి. ఆ రోజు కుదరకపోతే మొదటి వ్యాక్సిన్ పడిన ఏడు రోజుల లోపు ఇవ్వొచ్చు, ఆ తర్వాత ఇచ్చి లాభం లేదు. మొహం, తల, చేతివేళ్ల మీద కాటైతే మరీ తొందర. అక్కడ నరాలు ఎక్కువ, మొహం నుంచి మెదడుకు దూరం తక్కువ. చిన్నపిల్లల ఎత్తుకు కుక్క నోరు సరిగ్గా మొహానికే అందుతుంది.

వ్యాక్సిన్ పడింది కదా అని ధైర్యంగా ఇంటికి వెళ్లిపోయే ఆ మొదటి వారమే అసలు గండం. మేమూ అలాగే వెళ్లిపోయాం.

పన్నెండింటికి రెండో చోటికి పరుగెత్తాం. అది పెద్ద ఆసుపత్రి. పేరు రాయను, ఒక్కరి మీద నింద వేయడం కోసం ఈ ఉత్తరం రాయడం లేదు. అక్కడ ముందు పెదవికి కుట్లు వేద్దామన్నారు. నా విద్యార్థిని ఫోన్‌లో ఉండి "యాంటీబాడీ పడకుండా కుట్టొద్దని చెప్పండి టీచర్" అంటే అదే చెప్పాను. డ్యూటీ డాక్టర్ కుర్రాడు, విసుక్కోలేదు. "మీరన్నది కరెక్టే అమ్మా, కానీ ఆ యాంటీబాడీలుండే సీరం స్టాక్ లేదు. ఇండెంట్ పెట్టాం. రేపో ఎల్లుండో వస్తుంది" అన్నాడు.

అదే బెంచీ మీద ఒక ఆమె కూర్చుని ఉంది. అనంతగిరి మండలం నుంచి వచ్చి మధురవాడలో బిల్డింగు పనులకు వెళ్తున్నారట. ఒళ్లో నాలుగేళ్ల పిల్ల. పిల్ల కుడిచేతి బొటనవేలికి, అరచేతికి గుడ్డ చుట్టి ఉంది. గుడ్డ మీద రక్తం ఎండి నల్లబడింది. "సూదేసీసారమ్మా. ఎల్లిపోమన్నారు. పిల్ల సెయ్యి సలుపుతోందంతే, అందుకే కూకున్నాను" అంది. ఆమె చీటీ అడిగి చూశాను. మా చీటీలాగే ఉంది. తేదీలున్నాయి, బరువు లేదు, గాయంలో ఇవ్వాల్సిన మందు గురించి ఒక్క అక్షరం లేదు. నేను ఆమెకు చెప్పగలిగింది చెప్పాను. ఇంకో మందు ఉంది, ఈ వారంలోపే వేయించాలి, ఇక్కడ లేదంట అని. "మరెక్కడుందమ్మా?" అని అడిగింది.

అప్పటికి నాకూ తెలియదు. ఆమె నంబరు తీసుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు. మనవణ్ణి భుజాన వేసుకుని బయటికి వచ్చేశాను.

మూడో చోటు ఒక ప్రైవేటు ఆసుపత్రి. సాయంత్రం నాలుగున్నరకు అక్కడ మొదటిసారి వాణ్ణి బరువు తూచే మిషను ఎక్కించారు. 16 కిలోలు. డాక్టరమ్మ కాగితం మీద లెక్క వేసి, ఒక చిన్న సీసా తెప్పించింది. సన్నటి సూదితో పెదవి చీలిక అంచుల్లోకి, బుగ్గ మీద గాట్లలోకి కొంచెం కొంచెంగా మందు ఎక్కించింది. పెదవి ఉబ్బి తెల్లబడింది. వాడు నా బొటనవేలు కొరికి పట్టుకున్నాడు. ఆ సీసా మీద ఉన్న మాట చదివాను: రేబిస్ మోనోక్లోనల్ యాంటీబాడీ, అంటే ఫ్యాక్టరీలో కణాల నుంచి తీసే యాంటీబాడీ. బిల్లు వేలల్లోనే అయింది. నా పెన్షన్ ఉంది కాబట్టి కట్టాను.

మోనోక్లోనల్ అనగానే మన ఊళ్లో చాలామందికి కోవిడ్ రోజులు గుర్తొస్తాయి. 2021 మేలో యాంటీబాడీ కాక్‌టెయిల్ అని ఒక మందు దేశంలోకి వచ్చింది. ఒక్క మనిషికి డోసు 59,750 రూపాయలు. అంత డబ్బు మనమెక్కడ తెస్తామని టీవీ ముందు కూర్చుని నిట్టూర్చిన వాళ్లలో నేనూ ఒకదాన్ని. దాంతో ఆ మాటంటేనే కోటీశ్వరుల మందు అని మనసులో ముద్ర పడిపోయింది. రేబిస్ మోనోక్లోనల్ అలాంటిది కాదు. ఇది మన దేశంలో తయారయ్యే మందు. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ వాళ్ల రాబిషీల్డ్‌కు 2016లో అనుమతి వచ్చింది. ఆ తర్వాత జైడస్ వాళ్లు రెండు యాంటీబాడీలు కలిపిన ట్విన్‌రాబ్ తెచ్చారు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రకం మందుల వాడకాన్ని ప్రోత్సహించింది, 2021లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

అంతకుముందు నుంచీ ఉన్నవి రెండు. ఒకటి గుర్రానికి టీకాలు వేసి దాని రక్తం నుంచి తీసే సీరం. రెండోది మనుషుల రక్తం నుంచి తీసేది. గుర్రపు సీరం కిలోకు 40 యూనిట్లు కావాలి. అంటే 60 కిలోల మనిషికి 2,400 యూనిట్లు, సీసాలో లెక్కేస్తే 8 మిల్లీలీటర్లు. మనుషుల రక్తం నుంచి తీసినది కిలోకు 20 యూనిట్లు చాలు, కానీ అది దొరకడమూ కష్టం, కొనడమూ కష్టం. రాబిషీల్డ్ కిలోకు 3.33 యూనిట్లు. మా వాడికి పట్టింది ఒకటిన్నర మిల్లీలీటరు కంటే తక్కువే. పెదవి లాంటి చోట, వేలికొస లాంటి చోట ఎక్కువ మందు పట్టదు, కాబట్టి ఈ తేడా చిన్నది కాదు. గుర్రాల మీద ఆధారపడనక్కర్లేదు. ఒకే రకం కణాలను ఫ్యాక్టరీలో పెంచి తీస్తారు కాబట్టి ఒక బ్యాచ్‌కూ ఇంకో బ్యాచ్‌కూ తేడా రాదు. గుర్రపు సీరం పడనివాళ్లకు వచ్చే రియాక్షన్ల భయమూ ఉండదు. నిల్వ 2 నుంచి 8 డిగ్రీల మధ్య, అంటే వ్యాక్సిన్ పెట్టే ఫ్రిజ్‌లోనే పెట్టొచ్చు. కొత్త గది, కొత్త యంత్రం ఏదీ అక్కర్లేదు.

గుర్రపు సీరం కంటే దీని ధర ఎక్కువన్నది నిజం. దాచను. అందుకే నా పట్టు మోనోక్లోనల్ మీద మాత్రమే కాదు. ఈ మందు టెండరు అయ్యేదాకా గుర్రపు సీరమైనా పెట్టండి. అదీ ప్రాణం కాపాడేదే. నేటి శుద్ధి చేసిన సీరంతో పెద్ద ప్రమాదాలు అరుదు. ఏదో ఒక యాంటీబాడీ లేకుండా రక్తం కారే కాటుతో వచ్చిన బిడ్డను ఇంటికి పంపకూడదు, అంతే నేను అడిగేది.

డబ్బు సంగతి వచ్చింది కాబట్టి సిమ్లా సంగతి చెప్పాలి. అక్కడ డాక్టర్ ఓమేశ్ భారతి అనే ప్రభుత్వ వైద్యుడు సీరం కొరత చూసి, మిగిలిన మందును తుంటిలోకో తొడలోకో పొడవడం మానేసి, గాయంలోకి ఎంత పడితే అంతే ఇచ్చి, సీసాలో మిగిలినది శుభ్రంగా ఇంకో బాధితుడికి వాడే పద్ధతి నడిపించారు. ఖర్చు బాగా తగ్గింది, ఎక్కువమందికి మందు అందింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా గాయంలో ఇవ్వడమే ముఖ్యమని తన సూచనలు మార్చుకుంది. 2019లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కొండల్లో ఉన్న ఒక చిన్న రాష్ట్రం చేయగలిగింది. 1923 నుంచి ఆంధ్రా మెడికల్ కాలేజీ ఉన్న ఊరికి, శ్రీకాకుళం నుంచి పాడేరు దాకా జబ్బు చేస్తే జనం బస్సెక్కి వచ్చే ఊరికి ఇది చేతకాని పనా?

మా నాన్నకు చిన్నప్పుడు కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ 14 సూదులు వేశారు. గొర్రె మెదడు నుంచి చేసిన ఆ పాత వ్యాక్సిన్‌ను మన దేశం 2004 చివరికి ఆపేసింది. ఇప్పుడు భుజం మీద చిన్న చుక్కతో సరిపోతోంది. దేశంలో ఎక్కువగా వాడే రేబిస్ వ్యాక్సిన్లలో ఒకటైన అభయ్‌రాబ్ మన తెలుగువాళ్ల హైదరాబాద్‌లో ఉన్న కంపెనీదే. అయినా ఆ 14 సూదుల భయంతో ఇప్పటికీ పసరు మందుకు, మంత్రానికి వెళ్లేవాళ్లు మన ఏజెన్సీలోనూ ఉన్నారు, మన సిటీలోనూ ఉన్నారు. ఆ భయం పోగొట్టి ఆసుపత్రి గుమ్మం దాకా తెచ్చాక, సగం వైద్యం చేసి పంపడం వాళ్లను మోసం చేసినట్టే అవుతుంది. ఈమధ్య భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అంచనా ప్రకారం దేశంలో ఏటా 5,700 మందికి పైగా రేబిస్‌తో చనిపోతున్నారు. పాత అంచనా 20,000. తగ్గింది, సంతోషమే. ఆపగలిగిన చావులే కాబట్టి మిగిలిన ఆ అంకె ఇంకా ఎక్కువ బాధ పెడుతుంది.

వీధికుక్కలను ఏం చేయాలన్న వాదన ఈ ఉత్తరంలో వద్దు. దానికి చట్టం ఉంది, కోర్టులున్నాయి, ప్రేమించేవాళ్లూ భయపడేవాళ్లూ ఉన్నారు. కుక్క కరిచాక ఏం జరగాలన్న దాంట్లో మాత్రం రెండు పక్షాలు లేవు. 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల్లో ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ రేబిస్ వ్యాక్సిన్‌నూ ఇమ్యునోగ్లోబులిన్‌నూ, అంటే గాయంలోకి ఇచ్చే ఆ యాంటీబాడీ మందునూ, ఎప్పుడూ నిల్వ ఉంచాలని కూడా ఉంది. రెండూ అని ఉంది. మనం ఒకటి ఉంచి రెండోదానికి ఇండెంట్ పెడుతున్నాం.

కాబట్టి మీరు చేయగలిగినవి అడుగుతున్నాను.

అన్నిటికంటే ముందు ఆ చీటీ మార్చండి. దీనికి టెండరు అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు, రేపు పొద్దున్నే చేయొచ్చు. కుక్క కాటుకు ఇచ్చే ప్రతి ఓపీ చీటీ మీద ఇంకో మూడు మాటలు ఉండాలి: బరువు ఎంత, కాటు ఏ కేటగిరీ, గాయంలో యాంటీబాడీ ఇచ్చారా లేదా. ఇవ్వకపోతే ఎక్కడ దొరుకుతుందో, ఏ తేదీ లోపు వేయించాలో తెలుగులో రాసి చేతిలో పెట్టాలి. ఆ బెంచీ మీద కూర్చున్న ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు చీటీ మీదే ఉండాలి. చదవడం రాని తల్లికి సిస్టర్ నోటితో చెప్పాలి, "మీకు ఇంకో మందు బాకీ ఉంది" అని.

తర్వాత మందు. వ్యాక్సిన్ వేసే ప్రతి చోటా నాలుగైనా యాంటీబాడీ సీసాలు పెట్టండి. ఒకేసారి అన్నిచోట్లా కుదరదంటే జోన్‌కొక 24 గంటల కేంద్రం తేల్చండి. గాజువాకలో కరిచినవాడు, భీమిలిలో కరిచినవాడు, పెందుర్తిలో కరిచినవాడు రెండు బస్సులు మారి మహారాణిపేట రానక్కర్లేకుండా ఉండాలి. ఉదయం కరిస్తే మధ్యాహ్నానికి, రాత్రి కరిస్తే రాత్రికే అందాలి. ఏ కేంద్రంలో ఎన్ని సీసాలున్నాయో బోర్డు మీద రోజూ రాయించండి. 108 వాళ్లకు, ఆశా కార్యకర్తలకు ఆ వివరం తెలిసి ఉంటే నాలాంటివాళ్లు మూడు ఆసుపత్రులు తిరగరు. పక్కనే ఉన్న అల్లూరి జిల్లా, అనకాపల్లి జిల్లా అధికారులతోనూ మాట్లాడండి. కూలి పనికి వచ్చినవాళ్లు మూడో రోజుకు ఊరెళ్లిపోతారు. వాళ్ల చీటీ పాడేరులోనూ చెల్లాలి.

ఇంకోటి చేతి పని. పెదవిలోకి, వేలికొసలోకి మందు ఎక్కించాలంటే జూనియర్ డాక్టర్లకు, సిస్టర్లకు భయం. ఎక్కువ పోస్తే వేలు వాచి రక్తం ఆడదేమోనని. ఆ భయంలో న్యాయం ఉంది, నేర్పితేనే పోతుంది. మన మెడికల్ కాలేజీలో ఇది రోజూ చేసే పెద్ద డాక్టర్లున్నారు. వాళ్ల చేత ప్రతి ఆరోగ్య కేంద్రం నుంచి ఇద్దరికి ఒక పూట నేర్పించండి. మందు ఫ్రిజ్‌లో ఉండి, ఇచ్చే చెయ్యి లేకపోయినా మందు లేనట్టే.

స్కూళ్ల సంగతి నాకు వదిలేయండి. రిటైరైనా ఓపిక ఉంది. అనుమతి ఇస్తే కంచరపాలెం చుట్టుపక్కల బడులన్నిటికీ వెళ్లి, సబ్బు, వ్యాక్సిన్, గాయంలో మందు, ఈ మూడూ పిల్లలకు చెప్పి వస్తాను. నా తరగతుల్లో నేను వదిలేసిన ముక్క అది.

మా వాడు ఇప్పుడు బాగున్నాడు. 28వ రోజు సూది కూడా అయింది. పెదవి మీద సన్నని గీత మిగిలింది. స్కూలు ఆటో వచ్చేదాకా నా చెయ్యి వదలడు.

ఆ చిన్నపిల్ల ఎలా ఉందో నాకు తెలియదు. మధురవాడలో రెండు సైట్ల దగ్గర అడిగాను. పని అయిపోయి వెళ్లిపోయారన్నారు.

వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వస్తాను. మా చీటీ జిరాక్సు, కొత్త చీటీ ఎలా ఉండాలో నేను గీసిన నమూనా, రెండూ తెస్తాను. దయచేసి అయిదు నిమిషాలు ఇవ్వండి.

ఇట్లు,
ఒక అమ్మమ్మ, విశ్రాంత ఉపాధ్యాయురాలు,
కంచరపాలెం, విశాఖపట్నం